వంట నేర్చుకోవడానికి నాలుగేళ్ల డిగ్రీనా?



పదో తరగతి పిల్లల అమ్మానాన్నలు పేరెంట్స్ మీటింగ్‌లో మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఒక్కటే: ఎంపీసీనా, బైపీసీనా? ఆ రెండూ చదివితే ఇంజనీరింగ్, మెడిసిన్ తప్ప వేరే దారి లేదన్నట్టే మాట్లాడుకుంటాం. ఈ నెల మీకు ఇంకో చదువు గురించి చెప్పాలనుకుంటున్నాను. దాని పేరు హ్యూమన్ ఎకాలజీ. మనిషికి తను తినే తిండితో, ఉండే ఇంటితో, పెరిగే కుటుంబంతో, చుట్టూ ఉన్న నేలా నీళ్లతో ఉన్న సంబంధాన్ని శాస్త్రీయంగా చదవడమే ఈ కోర్సు.

దీనికి దగ్గరి చదువును మన దగ్గర చాలాకాలం హోమ్ సైన్స్ అన్నారు. ఆ పేరు వినగానే వంటలు, కుట్లు, ఆడపిల్లల చదువు అని పక్కన పెట్టేస్తాం. కానీ దీనికి పునాది వేసినవారిలో ఒకరైన ఎలెన్ స్వాలో రిచర్డ్స్ ఒక కెమిస్ట్. 1873లో అమెరికాలోని ఎంఐటీ నుంచి డిగ్రీ అందుకున్న తొలి మహిళ ఆమే. తాగునీటిలో ఏముందో, సరుకుల్లో ఏం కల్తీ చేస్తున్నారో ల్యాబ్‌లో పరీక్షించారు. కార్నెల్ యూనివర్సిటీలోని హోమ్ ఎకనామిక్స్ కాలేజీ 1969లో హ్యూమన్ ఎకాలజీ కాలేజీగా పేరు మార్చుకుంది. బీఈడీలో మేం చదువుకున్న బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అక్కడి ప్రొఫెసరే. పిల్లల ఎదుగుదలను ఇల్లు, బడి, వీధి, అమ్మానాన్నల ఉద్యోగం అన్నీ కలిసి నిర్ణయిస్తాయని చెప్పింది ఆయనే.

అంత దూరం పంపమని కాదు. హైదరాబాద్ సైఫాబాద్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. ఇప్పుడు ఈ కోర్సును కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. పోషకాహారం, శిశు వికాసం, వస్త్ర విజ్ఞానం, విస్తరణ వంటివి ఇందులో చదువుతారు. ఆ తర్వాత ఆసుపత్రిలో డైటీషియన్‌గా, ఫుడ్ ల్యాబ్‌లో, అంగన్‌వాడీలను పర్యవేక్షించే సీడీపీఓగా పనిచేసే అవకాశాలున్నాయి. మగపిల్లలకు పనికిరానిది ఇందులో ఏముందో మీరే చెప్పండి.

పెద్ద ప్యాకేజీలు వస్తాయని నేను చెప్పను. కొన్ని ఉద్యోగాలకు పీజీ కావాలి, కొన్నింటికి పోటీ పరీక్ష రాయాలి. కానీ ఈ లెక్క కూడా చూడండి: నీట్‌ను ఏటా 20 లక్షల మందికి పైగా రాస్తుంటే ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకే. మిగిలినవాళ్లలో బయాలజీ అంటే ప్రాణం పెట్టే పిల్లలూ ఉంటారు. వేరే దారి ఉందని వాళ్లకు ముందే తెలియకపోతే, సీటు రాని రోజున తాము ఎందుకూ పనికిరామనుకుంటారు. నా భయమంతా అదే.

ర్యాంకుల ఫ్లెక్సీలు మన బడి గేటు మీదా ఉంటాయి. వాటిని నేను తప్పుపట్టడం లేదు. ఫ్లెక్సీలో ఫొటో రాని బిడ్డకూ ఒక చదువు ఉండాలంటున్నానంతే.

ఈ సెలవుల్లో ఒక పూట మీ బాబుతోనో పాపతోనో కూర్చుని ఏదైనా ఒక కాలేజీ సిలబస్ చదవండి. వీలైతే అక్కడికి తీసుకెళ్లి చూపించండి. నచ్చకపోతే వదిలేయండి. చూడకుండా మాత్రం "అదేం చదువు" అనకండి.