పెరిగే లింగం, జరిగే గ్రహణం

మేళ్లచెరువులోని స్వయంభూ శంభులింగేశ్వరస్వామి లింగం క్రమంగా పెరుగుతోందన్నది అక్కడి తరతరాల నమ్మకం. మహాశివరాత్రి జాతరకూ ఎడ్ల పందేలకూ తరలివచ్చే జనంలో ఎంత పెరిగిందని అడిగేవారు అరుదు. సున్నపురాయిని టన్నుల లెక్కన తూచే సిమెంటు కర్మాగారాలున్న ఊళ్లోనే ఆ ప్రశ్న అరుదు కావడం వింత. అంత నెమ్మదైన మార్పు కొలతకు అందదనే సమాధానం చెల్లదు, ఎందుకంటే అంతకంటే అందరాని చోట, ఆకాశంలో, అటువంటి మార్పునే లెక్కగట్టారు.

ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు తారల కక్ష్యాతలం భూమి నుంచి చూసే చూపురేఖలో ఉంటే, అవి ఒకదాన్నొకటి కప్పుకోవడం వల్ల ఒకే చుక్కగా కనిపించే ఆ జంట వెలుగు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు తగ్గుతుంది. ఇవే గ్రహణ జంట తారలు. కక్ష్య వృత్తాకారమైతే రెండో గ్రహణం సరిగ్గా సగం కాలానికి వస్తుంది. కక్ష్య సాగి ఉంటే, ఆ సాగుదలనే ఉత్కేంద్రత అంటారు, తారలు దగ్గరైనప్పుడు వడిగానూ దూరమైనప్పుడు నిదానంగానూ కదులుతాయి కనుక రెండో గ్రహణం ముందుకో వెనక్కో జరుగుతుంది. పైగా ఆ సాగిన కక్ష్యే మెల్లగా దిశ మార్చుకుంటుంది కాబట్టి గ్రహణవేళలు దశాబ్దాల మీద జరుగుతూ పోతాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర రంగాపూర్‌లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శినితో గ్రహణ జంటల వెలుగును కొలిచినవారు, పక్కనున్న మార్పులేని తారతో పోల్చి మాత్రమే అంకె వేసేవారు. గాలిలోని మసక వల్ల వచ్చే తేడా అలా చాలావరకు తొలగిపోతుంది.

కొలత సిద్ధాంతానికి ఎదురు తిరిగిన సందర్భమూ ఉంది. పదిన్నర రోజులకొకసారి చుట్టు తిరిగే డీఐ హెర్క్యులిస్ అనే జంట కక్ష్య, న్యూటన్, ఐన్‌స్టీన్ లెక్కలు చెప్పినదానికంటే చాలా నెమ్మదిగా దిశ మారుస్తోందని తేలినప్పుడు, కొందరు సాపేక్ష సిద్ధాంతాన్నే శంకించారు. ఆ తారల భ్రమణాక్షాలు బాగా ఒరిగి ఉన్నాయని 2009లో వర్ణపట పరిశీలన చూపడంతో చిక్కు విడిపోయింది. అంతవరకు పొసగని అంకెను ఎవరూ దాచలేదు, మహిమగా ప్రకటించనూ లేదు.

మేళ్లచెరువు లింగానికీ ఈ పద్ధతే చాలు: గర్భగుడి గోడపై చెరగని గుర్తు ఒకటి, గంధమూ విభూతి పూతా తొలగించిన రాయి, ఏటా ఒకే తిథినాడు ఒకే కొలబద్దతో అర్చకుడూ మరొకరూ విడివిడిగా తీసిన కొలతలు. కొన్నేళ్లకు వచ్చే తేడా ఆ ఇద్దరి కొలతల మధ్య తేడాను మించితే పెరుగుదల ఉన్నట్టు, మించకపోతే ఉందని చెప్పలేనట్టు.