ట్రాకు ఆగినచో పాట ఆగవలెనా?

నీవు పాట కట్టువాడవైనచో ఈ మాటలు నీ కొరకే వ్రాయుచున్నాను. కోపము వచ్చినను సరే, తుదవరకు చదువుము.

మిరపకోతల కాలములో పర్చూరు ప్రాంతపు పల్లె యొకదానిలో సాయంకాలపు కూడికకు పోయియుంటిని. ప్రొద్దుటినుండి వంగి కాయ కోసిన స్త్రీలు, ఘాటుకు మండుచున్న చేతులను చీర చెంగులో చుట్టుకొని చాపలమీద కూర్చుండిరి. ఒక యౌవనుడు తానే వ్రాసి, తానే రాగము కట్టి, తన యింటి గదిలోనే రికార్డు చేసిన పాటను పాడుటకు లేచి, ఫోనులో ట్రాకు పెట్టెను. స్పీకర్లు గోడలను అదరగొట్టెను. పాట మంచిదే, అబద్ధమాడను. రెండవ చరణము నడుమ కరెంటు పోయెను. అతడు ఫోను వంక చూచుచు నిలిచిపోయెను. అప్పుడు ఒక ముసలమ్మ చీకటిలోనే పాత కీర్తన యొకటి ఎత్తుకొనగా అందరును అందుకొనిరి. చప్పట్లే తాళము. మూడు చరణములైనవో లేదో కరెంటు వచ్చెను. అతడు తన ట్రాకును మరల మొదటినుండి పెట్టెను. ముసలమ్మ నోరు మూసికొనెను.

నా ఫిర్యాదంతయు ఆ మూతబడిన నోటిని గూర్చియే.

“నేను స్వతంత్రుడను, ఏ మిషనుకు, ఏ కంపెనీకి లోబడినవాడను కాను” అని నీవందువు. సంతోషమే. పూర్వము పాట పుస్తకమెక్కవలెనన్న పెద్దల కమిటీ ఒప్పుకొనవలెను, రికార్డు కావలెనన్న కంపెనీవారు పిలువవలెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిననాడు ఒక పాటకు దొరికినది ఇంచుమించు మూడు నిమిషములే. నేడు నీకు ఆ కట్టు లేదు. అయినను నీవు స్వతంత్రుడవా? ట్రాకు పరుగెత్తినచో నీవు పరుగెత్తవలెను. ఒక తల్లి కన్నీళ్లతో పల్లవినే పట్టుకొని మరల మరల పాడుచున్నను, నీవు ఆమె కొరకు ఆగలేవు. ఎవరెందరు చూచిరను లెక్క కూడ నీ మెడమీదనే కూర్చున్నది. కంపెనీ పోయెను గాని యజమానుడు పోలేదు!

శ్రుతి సంగతి చూడుము. మగవారి గొంతు సాధారణముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో నిలుచును. ఆడవారిది ఐదు, ఐదున్నరలో. అందరు కలిసి పాడు పాటకు ఎవరికిని మరీ కష్టము కాని మధ్యస్థానము వెదకవలెను. రికార్డు చేయువాడు తన గొంతు ఎక్కడ మెరయునో అక్కడ శ్రుతి పెట్టుకొనును. స్వరము తప్పినను యంత్రము సరిదిద్దును. పగలంతయు మిరప కోరుకు దగ్గి బొంగురుపోయిన గొంతును ఏ యంత్రము సరిదిద్దును? ఆమె ఒకసారి ప్రయత్నించును, అందక మానుకొనును, తరువాత ప్రయత్నించనే ప్రయత్నించదు. సినిమా బాణీలు ఎత్తుకొను దొంగతనమును గూర్చి ఇక్కడ వ్రాయను. దానికి సిగ్గు చాలును.

1878 జులై 3న గుండ్లకమ్మ యేటిలో క్లౌ దొరగారి కాలపు బాప్తిస్మములు 2,222. ఆ జనములో పుస్తకము చదువగలవారు మిక్కిలి కొద్దిమంది. పాటయే వారికి పుస్తకము. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పాండిత్యము గలవారు. అయినను వారి కీర్తనలు అక్షరము రాని నోళ్లలో నేటికిని బ్రతికియున్నవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుము: పైన రాగము, తాళము, అంతే. అవి తెలిసిన ఏ పల్లెవాడైనను రేపు ప్రొద్దుట పాడుకొనవచ్చును. నీ పాటకు పైన ఏమి వ్రాయుదువు? ట్రాకు దొరకు చోటా?

ఇంకొకటి చెప్పెదను, కొందరికి నచ్చకపోవచ్చును. పర్చూరుకు పొరుగుననే యున్న కారంచేడులో 1985 జులై 17న దళితులపై దాడి జరిగి ఆరుగురు చంపబడిరి. మిగిలినవారు చీరాలకు పారిపోయిరి. ఆ ఘోరముమీద గద్దర్ (1949–2023) పాట కట్టెను. ఆయన మార్గమంతయు నాకు సమ్మతము కాదు. అయితే గొంగడి, గజ్జెలు, డప్పు – ఇంతే ఆయన సరంజామా. వంత పాడువారు అందుకొనుటకు పాటలో చోటుండెను. మన విశ్వాసుల యిండ్ల దుఃఖమును పాడుటకు బయటివాడు రావలసివచ్చెను. ఆ నలుబది యేండ్ల పిమ్మట కూడ మన పాటలలో పొలము లేదు, కూలి లేదు, అప్పు లేదు. మేఘములు మాత్రము చాలనున్నవి.

“అయితే నాణ్యత అక్కరలేదా?” అని నీవడుగుదువు. ఎవరు అక్కరలేదనిరి? దావీదు నియమించిన గాయకులలో నేర్పరులు 288 మంది అని దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయములో ఉన్నది. నేర్చుకొనుము, సాధకము చేయుము. అయితే పౌలు కొరింథీయుల నడిగిన ప్రశ్న నీకును వర్తించును: గ్రహింపలేనివాడు ఆమేన్ ఎట్లనగలడు? గ్రహించియు గొంతు కలుపలేనివాని గతి అంతకంటె మేలైనదా?

కాబట్టి రికార్డింగునకు పోకముందు నీ పాటను మూడు ఆదివారములు పట్టుమని ఇరువదిమంది కూలివారికి వట్టి గొంతుతో నేర్పుము. వారి నాలుకకు తిరుగని మాటను తీసివేయుము. గదిలో కూర్చుండి పల్లవిని అలంకరింపకుము. వారు దానిని ఎక్కడ వంచుదురో చూచి అట్లే ఉంచుము. ట్రాకుతో ఒక ప్రతి చేసితివా, తాళములు, గొంతు మాత్రమే గల ప్రతి యింకొకటి చేసి దానితోకూడ పంపుము. కూడికలో పల్లవి వచ్చినప్పుడు మైకు దించి నీవు ఊరకుండుము. ఎవరును అందుకొననిచో, ఇంటికి పోయి ఆ పల్లవిని మరల వ్రాయుము.