సిస్టర్లకు వారానికో గంట

చెయ్యి కోసుకుని వచ్చిన అమ్మాయికి కట్టు కడుతూ "మళ్లీ వచ్చావా తల్లీ?" అని విసుక్కునే సిస్టర్ చెడ్డ మనిషి కాదు. అలసిపోయిన మనిషి. పక్క మంచం మీద యాక్సిడెంట్ కేసు, ఆ పక్కన గుండెనొప్పి. వాళ్లు కోరి తెచ్చుకోలేదు, ఈ పిల్ల కోరి తెచ్చుకుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పు. ఆ తప్పును సిస్టర్ ఒక్కదాని మీదకి నెట్టి ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పు.

కొన్ని మానసిక జబ్బుల మీద జనానికి జాలి ఉంటుంది. గాలితో మాట్లాడేవాణ్ణి చూస్తే పాపం అంటారు. వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ జాలి ఇంకిపోతుంది. వీళ్లు తీరుగా మాట్లాడతారు, చదువుకుని ఉంటారు, ఉద్యోగాలూ చేస్తుంటారు. బోర్డర్‌లైన్ అనే రకంలో అయినవాళ్లు వదిలేసి పోతారేమోనన్న భయం తీవ్రంగా ఉంటుంది. పొద్దున "మీరే నాకు అమ్మ" అన్న నోటితోనే సాయంత్రం శాపనార్థాలు పెడతారు. లోపలి బాధ తట్టుకోలేక ఒంటిని గాయపరచుకుంటారు. ఇంట్లో దీన్ని పొగరంటారు, వార్డులో యాక్టింగ్ అంటారు.

డాక్టర్లకు మాత్రం ఈ చిన్నచూపు లేదా? ఉంది. 1988లో లూయిస్, ఆపిల్‌బీ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లోని సైకియాట్రిస్టులకు కేసు వివరాలు ఇచ్చి అభిప్రాయం అడిగారు. ఇదివరకు వ్యక్తిత్వ రుగ్మత అని తేల్చారన్న ఒక్క ముక్క చేర్చిన కేసుల్లో ఆ రోగిని మొండిఘటమనీ, అందరూ తనను పట్టించుకోవాలని ఇదంతా చేస్తున్నాడనీ తీసిపారేసే ధోరణి ఎక్కువగా కనిపించింది.

ఈ జబ్బుకు సూటిగా పనిచేసే మాత్ర లేదు. బోర్డర్‌లైన్ సమస్యకంటూ మందులు వాడవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2009లోనే చెప్పింది. పనిచేసేది మాట, నిలకడ, చెప్పిన వేళకు కనపడే మనిషి. డాక్టరు రౌండ్స్‌కి వచ్చి వెళ్తారు. రోజంతా, రాత్రంతా వార్డులో ఉండేది నర్సు. అంటే ఈ రోగులకు వైద్యంలో సగం పైగా జరిగేది ఆమె చేతుల మీదుగానే.

లండన్ శివార్లలోని కాసెల్ ఆసుపత్రిలో పనిచేసిన టామ్ మెయిన్ 1957లో రాసిన ఒక వ్యాసం మన నర్సింగ్ కాలేజీల్లో పాఠంగా పెట్టదగ్గది. ఆయన నర్సులను కూర్చోబెట్టి, మీరు నిద్రమందు ఏ క్షణాన ఇస్తున్నారో దాచుకోకుండా చెప్పుకోండి అన్నాడు. మాట్లాడుకోగా తేలిందేమిటంటే, రోగి బాధ పెరిగినప్పుడు కాదు, ఆ బాధను చూస్తూ ఉండే ఓపిక తమలో అయిపోయినప్పుడు ఇస్తున్నారు. కోపం, అపరాధభావం, నిస్సహాయత, అన్నీ కలిసి ఆ మందు ఇప్పిస్తున్నాయి. ఇంకో సంగతీ బయటపడింది. కొందరు రోగుల చుట్టూ సిబ్బంది రెండు ముఠాలుగా చీలిపోయేవారు. ఆ రోగిని తామే కాపాడగలమని ఒకరు, నెత్తికెక్కించుకుంటున్నారని ఇంకొకరు. అలా చీలిన చోట రోగులు బాగుపడలేదు.

ఇక్కడ విశాఖలో ఏ మానసిక వార్డులో పనిచేసిన సిస్టర్‌ని అడిగినా ఇదే చెబుతుంది. నైట్ డ్యూటీ సిస్టర్ పాపమని రోగి అమ్మాయికి ఫోన్ ఇస్తుంది. పగటి సిస్టర్ రూలంటే రూలే అంటుంది. ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో ఆ అమ్మాయి ఒకరిని దేవతను చేస్తుంది, ఇంకొకరిని రాక్షసిని చేస్తుంది. అది కుట్ర కాదు. ఒకే మనిషిలో మంచీ కాఠిన్యమూ ఉంటాయని నమ్మలేకపోవడమే ఆమె జబ్బు. ఇద్దరు సిస్టర్లూ ఒకే మాట మీద ఉంటే ఆ నమ్మకం కొంచెం కొంచెంగా కుదురుతుంది.

ఒకే మాట మీద ఉండటం ఎలాగో విశాఖకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర రాత్రి (సీ) షిఫ్ట్ మనిషి పొద్దుటి (ఏ) షిఫ్ట్ మనిషికి సంగతులన్నీ అప్పగించకుండా ఇంటికి పోడు. వార్డులోనూ అప్పగింతలుంటాయి. కానీ బీపీ, మందులు, మంచం నంబరు దగ్గరే ఆగిపోతాయి. ఈ అమ్మాయికి ఏం మాట ఇచ్చాం, దేనికి కాదన్నాం, నాకు ఎందుకు కోపమొచ్చింది అన్నవి కేసు షీట్‌లోకి ఎక్కవు.

వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మద్రాసు ప్రెసిడెన్సీ నాటిది. పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. శ్రీకాకుళం మొదలు పాడేరు ఏజెన్సీ దాకా ఉత్తరాంధ్రకంతా అదే దిక్కు. నర్సింగ్ విద్యార్థులు పోస్టింగ్‌కు వచ్చేదీ అక్కడికే. వాళ్లకు ఇంజెక్షన్ చెయ్యడం నేర్పినంత శ్రద్ధగా, తిట్టే రోగి ముందు నిలబడటం నేర్పుతున్నామా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జనరల్ నర్సింగ్ చదివినవాళ్లను కూడా మానసిక ఆరోగ్య నర్సులుగానే లెక్కేస్తుంది. నర్సులు చాలని దేశంలో అది తప్పని సర్దుబాటే కావచ్చు. అయితే అదే చట్టం 97వ సెక్షన్‌లో రోగిని కట్టేయడం శిక్షగా వాడకూడదనీ, సిబ్బంది చాలరన్న కారణంతో వాడకూడదనీ కచ్చితంగా చెప్పింది. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి. శిక్షణ లేని చేతులకు ఇంత బరువు అప్పగించి పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు.

వీళ్లు బాగుపడరన్న మాట కూడా నిజం కాదు. అమెరికాలో మేరీ జనారిని బృందం ఆసుపత్రిలో చేరిన బోర్డర్‌లైన్ రోగులను ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించింది. పదేళ్లలో వందకు తొంభై మందికి పైగా, కనీసం రెండేళ్లపాటు ఆ లక్షణాలు తగ్గి ఉన్నారు. ఉద్యోగం, సంసారం కుదుటపడినవాళ్లు మాత్రం సగం మందే. ఈ రోగుల కోసం డీబీటీ అనే చికిత్సా పద్ధతిని తయారుచేసిన మార్షా లినెహాన్, పదిహేడేళ్ల వయసులో తానూ ఇలాగే ఒంటిని గాయపరచుకుని ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బయటపెట్టింది. ఇప్పుడు ఏ వార్డులోనో యాక్టింగ్ అనిపించుకుంటున్న పిల్లలకు ఈ సంగతి తెలియాలి. వాళ్ల ఇళ్లలోవాళ్లకూ తెలియాలి. భరించలేనట్టు ఉన్న రాత్రి 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

నేను అడిగేది కొత్త భవనం కాదు. మానసిక వార్డుల్లో పనిచేసే నర్సులకు వారానికి ఒక గంట, డ్యూటీ లెక్కలోనే, అనుభవమున్న ఒక సైకియాట్రిస్టో సైకాలజిస్టో పక్కన కూర్చుని వింటుండగా, ఆ వారం తమను విసిగించిన రోగుల గురించి మాట్లాడుకునే వీలు కావాలి. అందులో చెప్పిన మాట వాళ్ల సర్వీసు రికార్డులోకి వెళ్లకూడదు. కాంట్రాక్టు సిస్టర్లను కూడా పిలవాలి, వాళ్ల ఉద్యోగభయం రెట్టింపు కాబట్టి. పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో షిఫ్టుకు ఒక్కరైనా మానసిక నర్సింగ్ చదివినవాళ్లు ఉండాలి. ఉన్న నర్సులే చాలకపోతే గంట ఎక్కణ్ణుంచి తెస్తామని అధికారులు అడుగుతారు. మళ్లీ మళ్లీ అదే గాయంతో వచ్చే రోగికీ, వేసారి బదిలీ పెట్టుకునే సిస్టర్‌కీ ఇప్పుడు పోతున్న గంటలను ముందు లెక్కెయ్యమనండి.