ఈ మెట్ట ఊళ్లకు ఉప్పు తెచ్చినవాళ్లు

సైబీరియా శిబిరాల (గులాగ్) గురించి తెలుగు పాఠకుడికి తెలుసు. వాటి గురించి రాసిన సోల్జెనిత్సిన్ పేరు విన్నవాళ్లు మన గుమ్మఘట్ట లాంటి మెట్ట ఊళ్లలోనూ ఉంటారు. మన రాష్ట్రంలోనే విచారణ లేకుండా కుటుంబాలకు కుటుంబాలను కంచెలోపల పెట్టి పనిచేయించిన సంగతి మాత్రం మన సాహిత్యంలో చాలా తక్కువగా కనిపిస్తుంది.

రైళ్లు రాకముందు కోస్తా ఉప్పును ఎద్దులమీద, గాడిదలమీద వేసుకుని మెట్ట సీమలకు తెచ్చి, బదులుగా ధాన్యం తీసుకుపోయినవాళ్లలో ఎరికలలు ముఖ్యులు. ఆ కంచెల్లోకి వెళ్లినవాళ్లలోనూ వాళ్లున్నారు. మన వైపు కొరచోళ్లంటాం. రైలొచ్చింది, ఉప్పుమీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం చచ్చిపోయింది. 1876–78 ధాత కరువు ఈ సీమలో పశువులను ఊడ్చేసింది. అలా బతుకుదెరువు పోయినవాళ్లను ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేసింది.

ఆ చట్టం చదివితే ఒళ్లు మండుతుంది. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఏ కోర్టూ ప్రశ్నించరాదు. వేలిముద్రలు ఇవ్వాలి. సెటిల్మెంటులో ఉండమంటే ఉండాలి. పాస్ లేకుండా బయట దొరికితే వారంటు లేకుండానే అరెస్టు. ఆరేళ్ల బిడ్డను సైతం తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వేరే బడిలో పెట్టవచ్చు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం, అప్పటి కర్నూలు జిల్లా సిద్ధాపురం, నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్ప అలా పుట్టినవే. స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడివాళ్లు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. దీన్ని సంస్కరణ అన్నారు. కదిలితే జైలన్న భయంతో చేసే పనిని వెట్టి అనాలి. ఇది గులాగ్‌తో సమానమని నేననను, చావుల లెక్కలో పోలికే లేదు. అయినా, చేసిన నేరానికి కాక పుట్టిన ఇంటికి శిక్ష వేయడంలో మాత్రం మనవాళ్లు అనుభవించింది తక్కువది కాదు.

1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. దాని స్థానంలో రాష్ట్రాల అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. చట్టం పోయాక విముక్త జాతులన్న పేరొచ్చిన వీళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పాల్సివచ్చింది. అంటే ఇప్పటికీ ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఎవరి గుడిసె తలుపు తడుతున్నారో అందరికీ తెలుసు.

రాయదుర్గం, గుమ్మఘట్ట, కళ్యాణదుర్గం వైపు కొరచ పెద్దలు తమ తాతల కాలపు హాజరు పిలుపుల గురించి, పాసుల గురించి చెప్పగలిగితే, వాళ్ల మాటల్లోనే, వాళ్ల యాసలోనే అచ్చువేస్తాం. రాయడం రాకపోతే మేమే వచ్చి కూర్చుని రాసుకుంటాం.