బాధ పడితేనే ప్రేమా?

మన హాస్టల్లో ఒకడు అన్నం మానేస్తే వార్డెన్ సారు కంటే ముందు రూమ్మేట్లకు తెలుస్తుంది. "ఏరా, లవ్ ఫెయిల్యూరా?" అంటాం. వాడికి ‘దేవదాసు’ అని పేరు పెట్టేస్తాం. ఆ పేరులో ఎగతాళితో పాటు కొంత మెచ్చుకోలు కూడా ఉంటుంది. నా అభ్యంతరం దాని మీదే.

1953 నాటి అక్కినేని ‘దేవదాసు’ అందరికీ తెలుసు. దానికి మూలమైన శరత్ నవల చదవండి మిత్రులారా! పరువు పక్కనపెట్టి అర్ధరాత్రి అతని గదికి వచ్చింది పార్వతి. వెనక్కి తగ్గింది దేవదాసు. పైగా తర్వాత కోపంతో గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొట్టాడు. మనకు సీసా గుర్తుంది, ఆ మచ్చ గుర్తులేదు.

బాధ అబద్ధమని నేననను. ప్రేమలో తిరస్కరణకు గురైన 15 మందికి, తమను వదిలేసినవారి ఫొటోలు చూపిస్తూ హెలెన్ ఫిషర్ బృందం మెదడు స్కానింగ్ చేసింది. 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. కొకైన్ కోసం తహతహలాడేటప్పుడు పనిచేసే భాగాలే వాళ్ళలోనూ పనిచేశాయట. అంటే అది ప్రేమ లోతుకు కొలత కాదు, దొరకనిదాని కోసం మెదడు చేసే మారాం.

డిగ్రీలో నేనూ ఆ మారాం చేశాను. ఆమె "వద్దు" అని స్పష్టంగానే చెప్పింది. నా గడ్డం చూసి మనసు మార్చుకుంటుందనుకున్నాను. నన్ను చూసి ఆమె దారి మార్చుకుంటోందని ఆలస్యంగా తెలిసింది. ఆ సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోయాయి. బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో మా అమ్మకు చెప్పలేకపోయాను.

ఆ రోజుల్లో మా రూమ్మేట్ సలహాలేమీ ఇవ్వలేదు. రోజూ మెస్ నుంచి నా ప్లేటు కూడా తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చునేవాడు.