క్రీమ్ ఏల్ కిట్టుపై చిన్నచూపు నిరాధారం

అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకునేవారిలో ఒక అభిప్రాయం గట్టిగా నాటుకుపోయింది. బార్లీని మరపట్టి, వేడినీటిలో నానబెట్టి, తీపి ద్రవాన్ని స్వయంగా తీసుకున్నవారే అసలైన తయారీదారులనీ, కిట్టు కొని అందులోని పాకాన్ని నీళ్లలో కలిపి మరిగించేవారు కాగితం మీది సూచనలను పాటించేవారు మాత్రమేననీ, అందులోనూ క్రీమ్ ఏల్ అనే తేలికపాటి బీరు కిట్టు కొత్తవారి కోసం పెట్టిన చప్పిడి సరుకనీ ఆ పూర్వపక్షం సారాంశం. ఈ వాదం రెండు విధాలుగా నిలవదు. నైపుణ్యం ఏ దశలో అవసరమన్న విషయంలో ఇది పొరబడింది. తేలికగా తాగగలిగే బీరును తేలికగా చేయగలిగే బీరని భ్రమించింది.

ముందుగా కిట్టులో ఉండేవాటిని పరిశీలించాలి. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో నానబెడితే అందులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి, అలా దిగిన తీపి ద్రవమే వర్ట్. ఆ ద్రవాన్ని కర్మాగారంలోనే తీసి, నీటిని ఆవిరిచేసి చిక్కబరిచిన పాకమే కిట్టులోని మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. దానితోపాటు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే హాప్స్ పూల గుళికలు, ఈస్ట్ పొట్లం, సీసాల్లో నింపేటప్పుడు కలపవలసిన చక్కెర వస్తాయి. వీటితో సాధారణంగా 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్ల బీరు తయారవుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ వల్ల తప్పిపోయేది ప్రధానంగా నానబెట్టే దశ ఒక్కటే. ధాన్యంతో మొదలుపెట్టేవారు సైతం సాధారణంగా బార్లీని తామే మొలకెత్తించరు, హాప్స్ తామే పండించరు, ఈస్టును తయారీ సంస్థల నుంచే కొంటారు. నూలు కొని నేసినందుకు పోచంపల్లి నేతగాడి పనితనాన్ని ఎవరూ శంకించనప్పుడు, పాకం కొన్నవారి పనితనాన్ని శంకించడానికి ఆధారం లేదు.

వర్ట్ బీరుగా మారేది కిణ్వనంలో, అంటే ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మార్చే దశలో. ఆ దశను ఏ కిట్టూ తయారీదారు తరఫున నిర్వహించదు. మరిగిన వర్ట్‌ను 20 డిగ్రీల దగ్గరికి త్వరగా చల్లార్చాలి. అప్పటినుంచి దాన్ని తాకే గరిటె, గొట్టం, మూత అన్నీ శానిటైజర్‌లో ముంచి తీసినవై ఉండాలి, ఎందుకంటే చల్లారిన తీపి ద్రవం ఈస్టుకు ఎంత అనుకూలమో పులుపెక్కించే బాక్టీరియాకూ అంతే అనుకూలం. పని మొదలుపెట్టిన ఈస్ట్ తానే వేడిని పుట్టిస్తుంది కాబట్టి, గదిలో 20 డిగ్రీలున్నా పాత్రలోని ద్రవం అంతకన్నా వేడెక్కుతుంది; పాత్రను చన్నీళ్ల తొట్టిలో నిలబెట్టి, తడిగుడ్డ చుట్టి ఆ వేడిని అదుపులో ఉంచినవారికి శుభ్రమైన రుచి దక్కుతుంది, ఉంచనివారికి పండ్ల వాసనలూ గొంతు మండించే ఘాటూ మిగులుతాయి. సీసాలు నింపే ముందు, ద్రవ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు రెండు మూడు రోజుల ఎడంతో ఒకే అంకె చూపాలి. కిణ్వనం పూర్తికాకుండానే మూతలు బిగిస్తే లోపల వాయువు ఒత్తిడి పెరిగి సీసాలు పగిలే ప్రమాదముంది.

ఈ పనుల్లో జరిగిన లోపాన్ని క్రీమ్ ఏల్ అంత నిక్కచ్చిగా బయటపెట్టే బీర్లు తక్కువ. పాలమీగడతో సంబంధం లేని ఈ లేత పసుపు బీరును, చల్లని వాతావరణంలో నెమ్మదిగా పులియబెట్టే జర్మన్ పద్ధతి లాగర్ల పోటీని తట్టుకోవడానికి ఏల్‌ను, అంటే వెచ్చగా పులియబెట్టే బీరును తయారుచేసే 19వ శతాబ్దపు అమెరికన్లు రూపొందించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో 1960లో వెలువడిన జెనెసీ క్రీమ్ ఏల్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. చేదును కొలిచే ఐబీయూ ప్రమాణంలో ఇండియా పేల్ ఏల్‌ది సాధారణంగా 40 నుంచి 70 కాగా, దీనిది 8 నుంచి 20 మాత్రమే. హాప్స్ ఘాటు గానీ మాడిన మాల్ట్ రుచి గానీ అడ్డుగా లేనందున, కుళాయి నీటిలోని క్లోరిన్ వల్ల పుట్టే మందుల వాసన, ఈస్ట్ పని ముగియకముందే తొందరపడితే మిగిలే పచ్చి ఆపిల్ వాసన మొదటి గుక్కలోనే తెలుస్తాయి.

క్రీమ్ ఏల్‌లో తరచుగా మొక్కజొన్న కలుపుతారు. అలా మొక్కజొన్న కలిపిన బీరు చౌకబారుదన్న ఆక్షేపణ కూడా చరిత్రను విస్మరించినదే. అమెరికాలో విరివిగా పండిన ఆరువరుసల బార్లీలో మాంసకృత్తులు ఎక్కువగా ఉండి బీరు మసకబారేది; మొక్కజొన్న, బియ్యం ఆ పాలును తగ్గించి బీరును తేటపరిచాయి, తేలికపరిచాయి. అది స్థానిక పంటకు తగిన పరిష్కారం.

పూర్వపక్షంలో సత్యాంశం లేకపోలేదు. నిల్వ ఉన్న ద్రవ ఎక్స్‌ట్రాక్ట్ నల్లబడి రుచి చెడుతుంది, నానబెట్టే వేడిని మార్చి బీరు చిక్కదనాన్ని నిర్ణయించుకునే స్వేచ్ఛ కిట్టులో ఉండదు. అయితే మొదటిది తాజా సరుకు కొంటే తీరే సమస్య, రెండవది తయారీదారుకు అందుబాటులో ఉన్న ఎంపికలకు పరిమితి. ఈ రెండింటిలో ఏదీ నైపుణ్య లోపానికి రుజువు కాదు.

అమెరికాలో ఇంటి బీరు తయారీని సమాఖ్య చట్టపరంగా అనుమతించే బిల్లుపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేశారు. చివరి రాష్ట్రాలైన అలబామా, మిసిసిపీ 2013లో గానీ దాన్ని అంగీకరించలేదు. లైసెన్సు లేని మద్యం తయారీ నేరమైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఈ అవకాశం వర్తించకపోయినా, అమెరికాలోని తెలుగువారికి వర్తిస్తుంది. ఇంత ఆలస్యంగా దక్కిన హక్కును వినియోగించుకోవడానికి ముందుకొచ్చినవారిని సామగ్రిని బట్టి పై తరగతి, కింది తరగతి అని విడదీయడం ఆ కళకే నష్టం. కొత్తవారు ధాన్యం మర కన్నా ముందు థర్మామీటరు కొనాలి, అనుభవజ్ఞులు తమ ఈస్ట్ నిర్వహణను ఏటా ఒక్కసారైనా క్రీమ్ ఏల్‌తో పరీక్షించుకోవాలి, ఇరువురి సీసాలనూ పోటీల్లో న్యాయనిర్ణేతలు ఒకే బల్ల మీద రుచి చూడాలి. ఆ పరీక్షలో నెగ్గిన బీరు పాకంతో మొదలైందా ధాన్యంతో మొదలైందా అన్న ప్రశ్నకు విలువ ఉండదు.