కొబ్బరి పెరుగు: రుచెంత? బలమెంత?

మదనపల్లె, పుంగనూరు వైపు పెరుగు లేనిదే భోజనం ముగిసినట్టుండదు. మరి పాలు పడని పిల్లలున్న ఇంట్లో? సూపర్ మార్కెట్లో దొరికే కొబ్బరి పెరుగు సరిపోతుందా?

ముందు రుచి. నున్నగా, చిక్కగా ఉంటుంది. పులుపు తక్కువ, కొబ్బరి వాసన ఎక్కువ. మామిడిపండు ముక్కల్లోకి బాగుంటుంది గానీ, అన్నంలో ఆవకాయతో నంజుకుంటే మన పెరుగు కమ్మదనం రాదు.

ఇక బలం. 100 గ్రాముల ఆవుపాల పెరుగులో మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు. కొబ్బరి పెరుగు చాలావాటిలో 1 గ్రాము అటూ ఇటూ. కొవ్వు మాత్రం ఎక్కువే. కాల్షియం విడిగా కలిపితేనే ఉంటుంది. అందుకే డబ్బా వెనక చదవండి. చక్కెర కలపనిది, కాల్షియం కలిపినది తీసుకోండి.

పిల్లలకు ఇదొక్కటే పెట్టి పాలలోటు తీరిందనుకోకండమ్మా! 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. సంగటి ముద్దకు ఉలవచారో, పప్పో, చెనక్కాయల చట్నీయో తోడైతే మాంసకృత్తులూ అందుతాయి.

ఇంకోమాట. పాలు అరగని కొందరికి పెరుగు పడుతుంది. పాల ఎలర్జీ ఉంటే మాత్రం పెరుగూ పనికిరాదు. ఏదన్నది డాక్టరునడిగి తేల్చుకున్నాకే పిల్లల కంచంలోంచి పెరుగు తీసెయ్యండి.